వేసవి తొలినాళ్ళలో గుత్తి కొండ దారి

మార్చి నెల సగం గడిచేసరికి మన రాష్ట్రంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పరీక్షలు ముగిసే కొద్దీ పిల్లల కాళ్ళు ఇంట్లో నిలవవు. ‘కొండకు పోదాం’ అన్న మాట ఇంటింటా వినబడే రోజులివే. అనంతపురం పీఠభూమిలో నివసించే మనకు కొండ దూరపు వస్తువు కాదు. గుత్తి, రాయదుర్గం, పెనుకొండ, మడకశిర వంటి ఊళ్ళ వెనుక రాతికొండ, దానిపై పాత కోట, ఆ కోటలో వాననీటిని పట్టి ఉంచే దొనలూ, బావులూ కనిపిస్తాయి. పెనుకొండ, మడకశిర 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. కానీ ఎండకు, రాతికి జిల్లాల సరిహద్దులు తెలియవు కదా!

మేము మదర్సా విద్యార్థులతో కలిసి ఈ కొండలను ఎన్నోసార్లు ఎక్కాము. అందువల్ల వేసవి ఆరంభంలో కొండ దారి ఎలా ఉంటుందో, కుటుంబంతో బయలుదేరేవారు ఏమేమి ఆలోచించుకోవాలో గుత్తి కొండను ఉదాహరణగా తీసుకుని వివరించదలిచాము. మన కొండల ఎత్తు ఎవరినీ భయపెట్టేది కాదు. అసలు ప్రమాదం ఎండలోనూ దాహంలోనూ ఉంది. కాబట్టి ఎక్కే ముందే దిగే వేళను నిర్ణయించుకోవాలి. ఈ వ్యాసమంతటికీ సారాంశం ఇదే.

హిమాలయ సరస్సులు, మన దొనలు

నేటి యువకులు చరవాణిలో కాశ్మీరు సరస్సుల దృశ్యాలు చూసి ముచ్చటపడుతుంటారు. సోనామార్గ్ నుండి నారానాగ్ వరకు సాగే నడక దారిలో విషన్‌సర్, గడ్‌సర్, గంగాబల్ వంటి సరస్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. గంగాబల్ 3,500 మీటర్లకు పైబడిన ఎత్తులో, హర్‌ముఖ్ శిఖరం పాదాల వద్ద ఉంది. అక్కడ వేసవి తొలినాళ్ళంటే కనుమలపై మంచు ఇంకా కరగని కాలం. సాధారణంగా జూలై వచ్చాకగాని ఆ దారి నడకకు అనువుగా ఉండదు. సెప్టెంబరు సగం దాటితే మళ్ళీ చలి ముంచుకొస్తుంది. అక్కడి మార్గదర్శకులు యాత్రికులను మంచు తగ్గేదాకా ఆగమంటారు.

మన పీఠభూమిలో లెక్క తలకిందులు. ఈ జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసి, మన దాకా వచ్చేసరికి తేలికపడతాయి. ఈశాన్య పవనాలు మోసుకొచ్చే తేమ కూడా తూర్పు తీరం నుండి ఇంత లోపలికి పూర్తిగా చేరదు. కురిసే ఆ కాస్త వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే పడుతుంది. అప్పుడు నిండిన దొన శీతకాలమంతా ఆవిరవుతూ వచ్చి, మార్చి నాటికి సగానికి, ఏప్రిల్ చివరికి అడుగుకు చేరుతుంది. కొన్ని పూర్తిగా ఎండి బురద పెళ్ళలు మిగులుతాయి. హిమాలయాలలో వేసవి సరస్సును నింపితే, మన దగ్గర వేసవి దొనను తాగేస్తుంది. కనుక అక్కడి దృశ్యాలను మనసులో పెట్టుకుని ఇక్కడి కొండెక్కే పిల్లవాడు పైన నీరుంటుందన్న నమ్మకంతో ఒక్క సీసా పట్టుకుని బయలుదేరితే చిక్కులో పడతాడు.

ఎత్తుకు వెళితే చల్లగా ఉంటుందన్న మాట కూడా ఇక్కడ అంతగా పనికిరాదు. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. గుత్తి కొండ చుట్టుపక్కల నేల నుండి సుమారు 300 మీటర్లు లేచి ఉంటుంది. అంటే పైకి చేరినా తగ్గేది రెండు డిగ్రీలే. ఆ రెండు డిగ్రీల లాభాన్ని కాలిన రాయి క్షణంలో మింగేస్తుంది. నల్లబడిన ఆ బండలు పగలంతా ఎండను తాగి, సాయంత్రం పొద్దుగూకిన తరువాత కూడా సెగలు కక్కుతూనే ఉంటాయి. సాయంత్రం చల్లబడ్డాక ఎక్కుదామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాయి నిజంగా చల్లబడి ఉండేది తెల్లవారుజామునే.

దాహానికి లొంగిన కోట

గుత్తి ఊరు అనంతపురం నుండి కర్నూలు వైపు జాతీయ రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. రైలు కూడలి కావడం వల్ల చేరుకోవడం సులువు. కొండపై ఒకదానిపై ఒకటిగా ప్రాకారాలు, వాటికి ద్వారాలు ఉన్నాయి. మలుపులు తిరుగుతూ సాగే రాతి దారిలో ఒక్కో ద్వారాన్నీ దాటుకుంటూ పైకి వెళ్ళాలి. పైన ధాన్యపు కొట్లు, మందుగుండు గదులు, కొండ అంచున మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మండపం కనబడతాయి. కోట అంతటా నూట ఎనిమిది బావులున్నాయని స్థానికులు చెప్పుకుంటారు. లెక్క మాట ఎలా ఉన్నా, బండ మీద జారే ప్రతి వాన చుక్కనూ వృథా కానీయకుండా మళ్ళించాలన్న పూర్వుల పట్టుదల మాత్రం అడుగడుగునా కనిపిస్తుంది. ఊటలు లేని రాతి శిఖరం మీద సైన్యం బ్రతకాలంటే వాన తప్ప వేరే ఆధారం లేదు.

ఆ ఆధారం చాలకపోతే ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఆధీనంలో ఉన్న ఈ కోటను హైదర్ అలీ సేనలు చుట్టుముట్టాయి. ముట్టడి నెలల తరబడి సాగింది. గోడలు నిలిచాయి, ద్వారాలు నిలిచాయి. కానీ పైన తలదాచుకున్న జనం ఎక్కువై నీరు అడుగంటింది. చివరకు 1776లో కోట హైదర్ వశమైంది. ఫిరంగులకు లొంగని దుర్గం దాహానికి లొంగింది. నిలువ నీటిని నమ్ముకున్న సేనకే ఆ గతి పట్టినప్పుడు, భుజాన ఒక చిన్న సంచితో వెళ్ళే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

ఏ నెలలో దారి ఎలా ఉంటుంది?

ఫిబ్రవరి చివరి వారం నుండి మార్చి మొదటి వారం వరకు దారి బాగుంటుంది. గడ్డి ఎండి పసుపు రంగుకు తిరిగినా, ఉదయపు గాలిలో చల్లదనం మిగిలి ఉంటుంది. కొన్ని దొనలలో నీరూ ఉంటుంది. మార్చి సగం దాటాక మధ్యాహ్నపు వేడి 37, 38 డిగ్రీలకు చేరుతుంది. ఏప్రిల్, మే నెలలలో 40 దాటడం మామూలే. ఆ రెండు నెలలలో చిన్నపిల్లలతో, వృద్ధులతో కొండెక్కవద్దనే మా సలహా.

ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో హఠాత్తుగా మబ్బులు కమ్మి, గాలిదుమారంతో, ఉరుములతో జల్లులు పడుతుంటాయి. రైతుకు అవి ఊరట. కొండమీద ఉన్నవాడికి మాత్రం ప్రమాదమే. బోడి శిఖరం మీద అందరికన్నా ఎత్తుగా ఉండేది నిలబడ్డ మనిషే కాబట్టి పిడుగు భయం ఉంటుంది. తడిసిన బండ నూనె పూసినట్లు జారుతుంది. ఉరుము వినబడిన వెంటనే శిఖరం, ఒంటరి చెట్టు వదిలి కిందికి దిగాలి.

ఇటీవలి సంవత్సరాలలో రమజాన్ మాసం వేసవి ఆరంభంలోనే వచ్చింది. 2023లో మార్చి 24న, 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మన దగ్గర ఉపవాసాలు మొదలయ్యాయి. ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరిగే ఆ నెలను బట్టి పండుగ రోజులూ మారుతుంటాయి. ఉపవాసంతో ఇటువంటి కొండెక్కడం తగదని వేరే చెప్పనక్కరలేదు. చెప్పవలసింది పండుగ మరునాటి గురించి. నెల్లాళ్ళు పగటి నీటికి దూరంగా ఉన్న శరీరం, ముందు రోజు తిన్న షీర్ ఖుర్మా, బిర్యానీల బరువు, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకోవడం, ఇవన్నీ తోడు పెట్టుకుని మిత్రబృందాలు మధ్యాహ్నం వేళ కొండకు బయలుదేరుతుంటాయి. పండుగ తరువాత మూడు నాలుగు రోజులు ఆగి, నిద్ర, నీరు సరిపడా అయ్యాక వెళ్ళడం మేలు.

దిగే వేళ ముందు, ఎక్కే వేళ తరువాత

గుత్తిలో మార్చి మూడో వారంలో సుమారు 6.25కి, ఏప్రిల్ చివరికి 6 గంటల ప్రాంతంలో సూర్యుడు ఉదయిస్తాడు. ఫజ్ర్ నమాజు ఊరి మసీదులోనే జమాఅత్‌తో చేసుకుని, దారి స్పష్టంగా కనబడే వెలుతురు వచ్చాక నడక మొదలుపెట్టాలి. చీకటిలో బయలుదేరవద్దు. ఈ ప్రాంతపు కొండలలో ఎలుగుబంట్లు ఉన్నాయి. రాత్రంతా తిరిగిన జంతువు తన గుహకు మళ్ళే సమయం అదే.

తొమ్మిది గంటలకల్లా కొండ పాదం వద్ద ఉండాలన్నది మా నియమం. అంటే ఎక్కడ ఉన్నా సరే, ఏడున్నరకు, మహా అయితే ఎనిమిదికి వెనుదిరగాలి. శిఖరం పది అడుగుల దూరంలో ఉన్నా ఈ నియమం మారదు. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే వారిలో ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) మనకు నేర్పారు. కొండ దారిలో ఆ బోధన విలువ బాగా తెలుస్తుంది. వెనుదిరిగే వేళను అమీరుకు అప్పగించి, అతని మాటే చివరి మాట అని కిందనే అందరిచేత ఒప్పించాలి. పైకి వెళ్ళాక ఆ చర్చ పెడితే ఉత్సాహమే గెలుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం మార్చి మొదటి వారంలో పద్నాలుగు మంది విద్యార్థులతో మేము ఈ కొండ ఎక్కాము. పెద్ద తరగతి విద్యార్థి ఒకరు అమీరు. ఎనిమిదికి వెనుదిరగాలని కింద అనుకున్నాము. పై దొన ఇంకా రెండు మలుపుల దూరంలో ఉండగా పదకొండేళ్ళ పిల్లవాడొకడు మాట తగ్గించి, ముఖం ఎర్రబడి, అడుగు తడబడుతూ కనిపించాడు. వాడి సీసా చూస్తే ఖాళీ. ఆరా తీస్తే, వాడు తన నీళ్ళలో సగం తనకన్నా చిన్నవాడికి ఇచ్చేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పటికి సమయం ఏడున్నర దాటింది. అమీరు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ‘హజ్రత్, ఇక్కడి నుండి దిగుతున్నాము’ అన్నాడు. కొందరు మొహాలు ముడుచుకున్నారు. ‘నేను ఇక్కడే కూర్చుంటాను, మీరు చూసి రండి’ అని ఆ పిల్లవాడే బ్రతిమాలాడు. అమీరు ఒప్పుకోలేదు. ద్వారం నీడలో వాడిని పడుకోబెట్టి, మెడకు తడి గుడ్డ చుట్టి, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాము. అరగంటలో తేరుకున్నాడు. అందరమూ కలిసి దిగాము.

ఆ రాత్రి వాడి తల్లి ఫోను చేసింది. ‘మావాడు దొన చూశాడా హజ్రత్?’ అని అడిగింది. జరిగినదంతా చెప్పి, ‘చూడలేదమ్మా, మరోసారి చూస్తాడు’ అన్నాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, ‘వాడు నీళ్ళు ఇచ్చినందుకు కోప్పడలేదు కదా?’ అని అడిగింది. కోప్పడలేదు. తన అవసరాన్ని పక్కన పెట్టి ఇతరుల అవసరం తీర్చడం ఉత్తమ గుణం. దానిని మేమే పాఠాలలో బోధిస్తాము. అయితే అలా ఇచ్చినప్పుడు అమీరుకు చెప్పాలని మరునాడు తరగతిలో అందరికీ వివరించాము. ఆనాటి నుండి అమీరు సంచిలో ఎవరి వంతుకూ చెందని నీరు విడిగా ఉంచుతున్నాము. ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ ఆ నీరే అండ.

నీరు ఎంత? ఎలాంటిది?

పెద్దలకు మనిషికి మూడు లీటర్లు, పిల్లలకు రెండు లీటర్లు తగ్గకూడదు. ఎక్కేటప్పుడే సగం అయిపోతే అదే వెనుదిరగవలసిన గుర్తు, గడియారం ఎంత చూపినా సరే. దాహం వేసినప్పుడు తాగుదామనుకోకుండా, పావుగంటకోసారి రెండు గుక్కలు తాగుతుండాలి. పిల్లలు ఆటలో పడి అడగరు కాబట్టి మనమే గుర్తుచేయాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, రాగి అంబలి, నిమ్మరసం మన ఇళ్ళలో ఉన్నవే. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై రాసినంత నీటిలోనే కలపాలి. నీరు తగ్గించి చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

దొనలలోని నీటిని తాగవద్దు. కోతులు, పక్షులు, అడవి జంతువులు దిగే నిలువ నీరు అది. వేసవిలో తగ్గే కొద్దీ మాలిన్యం చిక్కబడుతుంది. కలుషిత నీటి వల్ల వ్యాపించే కలరా ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు ఎంతగా పీడించిందో చరిత్రలో ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతోనే మరణించాడు. అతనిని మొదట ఖననం చేసింది ఈ గుత్తిలోనే. తరువాత 1831లో భౌతికకాయాన్ని మద్రాసుకు తరలించారు. గవర్నరునే వదలని వ్యాధి మన పిల్లలను వదులుతుందా?

వుజూ విషయం కొందరు అడుగుతుంటారు. తొమ్మిదికల్లా దిగితే జుహర్‌కు ఊరిలోనే ఉంటాము కాబట్టి ఇబ్బంది రాదు. ఏ కారణంగానైనా పైన చిక్కుకుపోయి, తాగడానికి సరిపడే నీరు మాత్రమే మిగిలితే, దానిని ప్రాణరక్షణ కోసం ఉంచుకుని తయమ్ముమ్ చేసుకోవడానికి ధర్మశాస్త్రం అనుమతినిచ్చింది. ఆ నీటిని వుజూకు ఖర్చుచేసి పిల్లవాడిని దాహంతో ఉంచడం భక్తి అనిపించుకోదు.

దుస్తులు, పాదరక్షలు, అత్తరు

వదులైన, లేత రంగు నూలు దుస్తులు మంచివి. మన స్త్రీలలో చాలామంది నల్లటి కృత్రిమ నూలు బురఖాతోనే ఎక్కి ఉక్కిరిబిక్కిరి అవుతుంటారు. పర్దా నియమం దేహాన్ని కప్పమన్నదే గాని నలుపు రంగునే విధించలేదు. లేత రంగు, పలుచనైనా లోపలికి కనబడని నూలు వస్త్రంతో నియమమూ నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది. తలకు టోపీపై రుమాలు చుట్టుకుంటే మెడకు కూడా నీడ. జారని అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. అరిగిన రాతి మెట్ల మీద హవాయి చెప్పులు దిగేటప్పుడు మోసం చేస్తాయి.

ఇంకొక చిన్న మాట. ఆ రోజు అత్తరు పూసుకోవద్దు. మన కొండ చరియలకు కొండ తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. ఘాటైన వాసన, పొగ, కేకలు వాటిని రెచ్చగొడతాయి. రాళ్ళ సందులలో చేతులు పెట్టకూడదు. ఎండవేళ పాములు, తేళ్ళు ఆ నీడలోనే ఉంటాయి.

వడదెబ్బ గుర్తులు

తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, కాళ్ళ కండరాలు పట్టేయడం, విపరీతమైన చెమట, చిరాకు, ఇవి తొలి గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, కొద్దికొద్దిగా ఉప్పు కలిసిన నీరు ఇవ్వాలి. ఆ రోజుకు నడక అంతటితో సరి. మాట తడబడటం, మతి తప్పినట్లు ప్రవర్తించడం, ఒళ్ళు నిప్పులా కాలడం, స్పృహ తప్పడం వడదెబ్బ గుర్తులు. అది ప్రాణాపాయం. 108కి ఫోను చేసి, వాహనం వచ్చేదాకా ఒంటిమీద నీరు చల్లుతూ, విసురుతూ, మెడ వద్ద, చంకలలో, గజ్జలలో తడి గుడ్డలు ఉంచాలి. స్పృహలేని వ్యక్తి నోట్లో నీరు పోయకూడదు. గుండె జబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఈ కాలంలో కొండెక్కరాదు.

కొండ మీద మన బాధ్యత

ఈ కోట పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. గోడల మీద పేర్లు చెక్కడం, దొనలలో సీసాలు, పొట్లాలు విసరడం మనకు తగని పనులు. అడుగున మిగిలిన ఆ కాస్త నీరు వేసవి గడిచేదాకా మూగజీవాలకు ఆధారం. అందులో సబ్బు కలిపినా, చెత్త వేసినా వాటి నోటి నీటిని లాక్కున్నట్లే. తెచ్చిన ప్రతి వస్తువునూ తిరిగి కిందికి తెచ్చుకోవాలి.

కొండెక్కడం మంచి వ్యాయామం. సృష్టిని పరికించే అవకాశం. ఎక్కేటప్పుడు తక్బీర్, దిగేటప్పుడు తస్బీహ్ పలకడం ప్రవక్త (స) సహచరుల అలవాటు. దారి పొడవునా పిల్లలచేత అలా పలికిస్తే నడక సాగుతుంది, ఊపిరి కూడా ఒక లయలో పడుతుంది. ఊపిరి అందక పలకలేకపోతున్నారంటే కాసేపు ఆగాలని అర్థం.

ఇతరుల పిల్లలను వెంట తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు, పెద్దన్నలు, మేనమామలు ఒక్క విషయం మరువరాదు. ఆ పిల్లలు మన చేతిలో పెట్టిన అమానతు. సాయంత్రం ఆ తల్లి తన బిడ్డ ఎంత ఎత్తు ఎక్కాడని కాకుండా, క్షేమంగా వచ్చాడా లేదా అని చూస్తుంది. దొన ఈ ఏడు ఎండినా, అల్లాహ్ కరుణిస్తే సెప్టెంబరు వానలకు మళ్ళీ నిండుతుంది. అప్పుడు చల్లని ఉదయాన కుటుంబంతో వెళ్ళి తీరిగ్గా చూడవచ్చు. ఈ వేసవిలో మాత్రం పెందలాడే బయలుదేరండి, నీరు నిండుగా మోయండి, చెప్పిన వేళకు దిగిరండి.